వేలంపాటలో మన ఊరు

తెలుగున ‘పాట’ అనే మాటకు రెండు వాడుకలు ఉన్నవి. కంఠమెత్తి పాడేది ఒకటి. వేలంలో ధర పెంచేది మరొకటి. ‘వేలం’ అన్న మాట పోర్చుగీసు వర్తకుల వెంట మన తీరానికి వచ్చినదని భాషావేత్తలు చెబుతారు. దానికి ‘పాట’ను జోడించినది మాత్రం మన ప్రజలే. ఒకరు అందుకున్న స్వరాన్ని మరొకరు పైస్థాయికి ఎత్తటంలో వారికి ఆ రెంటికీ ఏదో పోలిక కనబడి ఉంటుంది.

హైదరాబాదు నగరపు తూర్పు భాగాన నివసించే వారికి ఈ రెండవ పాట కొత్త కాదు. ఎల్.బి. నగరుకు చేరువనే ఉన్న బాలాపూరులో వినాయక నిమజ్జనం నాడు లడ్డూను వేలం వేసే ఆచారం 1994లో 450 రూపాయలతో ఆరంభమైనది. అదే లడ్డూ 2024లో 30 లక్షల ఒక వేయి రూపాయలు పలికినది. మరుసటి సంవత్సరం 35 లక్షలకు చేరినది. కొత్తపేట వద్ద దశాబ్దాలపాటు నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టులో వేసవికాలపు ఉదయాలు మామిడి వేలంతోనే మొదలయ్యేవి. ఆ మార్కెట్టు ఇప్పుడు బాటసింగారానికి తరలిపోయినది గాని, గంపను చూసి ధర చెప్పే చూపు ఆ వీధులను విడిచిపోలేదు.

ఆ చూపే ఇప్పుడు మరొక సరకు మీద పడుతున్నది. దిల్‌సుఖ్‌నగరులో మెట్రో స్తంభాల నీడన ఉన్న చాయ్ దుకాణాల వద్ద, చైతన్యపురి హాస్టళ్ళ మేడల మీద, సరూర్‌నగరు మైదానపు గట్ల మీద ఏటా చలికాలం రాగానే ఒక చర్చ రాజుకుంటుంది. మన జట్టు ఎవరిని ఉంచుకొన్నది? ఎవరిని విడిచినది? ఎవరికి ఎన్ని కోట్లు పెట్టినది? క్రికెట్ ఆడే మాసాలు రెండే. ఆటగాళ్ళ ధరలను గూర్చి వాదించే మాసాలు పది. నెల తిరిగేసరికి హాస్టలు బాకీ ఎట్లా తీర్చాలా అని లెక్కించుకొనే ఉద్యోగార్థులు సైతం కోట్ల రూపాయల సంచిని మనసులోనే విప్పి, పంచి, మళ్ళీ మూటగట్టుతారు. ఇది వట్టి కాలక్షేపమని కొట్టివేయటం సులభమే. కాని చెవియొగ్గి వింటే ఈ వాదంలో డబ్బును మించిన ప్రశ్న ఒకటి దాగి ఉన్నట్లు తోస్తుంది.

సంచి ఒక్కటే

ఇటువంటి చర్చకు పుట్టిల్లు అమెరికాలోని బేస్‌బాల్ క్రీడ. అక్కడ జట్ల జీతాలకు దాటరాని హద్దు అంటూ లేదు. ఒక మేరను మించి వెచ్చించిన జట్టు సుంకం చెల్లిస్తే చాలును. అందువలన న్యూయార్కు వంటి మహానగరపు జట్టుకూ, చిన్న నగరపు జట్టుకూ మధ్య ఏనుగుకూ ఎలుకకూ ఉన్నంత అంతరం ఏర్పడుతుంది. 2002లో ఓక్లాండు జట్టు జీతాల మొత్తం సుమారు 4 కోట్ల డాలర్లు కాగా, న్యూయార్కు యాంకీలది 12 కోట్లకు పైమాటే. ఓక్లాండు వారి మేటి ఆటగాడు జేసన్ జియాంబీని అంతకుముందే యాంకీలు ఏడేళ్ళకు 12 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకొనిపోయారు. అయినా ఆ సంవత్సరం ఓక్లాండు జట్టు వరుసగా 20 ఆటలు గెలిచినది. మొత్తం మీద యాంకీలతో సమానంగా 103 విజయాలు సాధించినది. ఇతరులు చిన్నచూపు చూసిన ఆటగాళ్ళలోని విలువను లెక్కలతో కనిపెట్టి చవుకగా సమకూర్చుకొనటమే ఆ జట్టు రహస్యం. మైకేల్ లూయిస్ 2003లో ప్రచురించిన ‘మనీబాల్’ గ్రంథం ఆ కథను లోకానికి చాటినది.

మన ఐ.పి.ఎల్. పద్ధతి అది కాదు. ఇక్కడ అందరికీ సంచి ఒక్కటే. 2008లో తొలి వేలం జరిగినప్పుడు ఒక్కొక్క జట్టుకు 50 లక్షల డాలర్ల పరిమితి విధించారు. 2024 ఆటలకు అది 100 కోట్ల రూపాయలు. 2025 ఆటలకు 120 కోట్లు. ముంబయి గాని, చెన్నై గాని, హైదరాబాదు గాని అంతకు మించి ఒక్క రూపాయి పెట్టి ఆటగాణ్ణి కొనటానికి వీలు లేదు. కనుక ‘మా యజమాని పిసినారి’ అని ఓక్లాండు అభిమాని వాపోయినట్లు దిల్‌సుఖ్‌నగరు అభిమాని వాపోవటానికి తావు లేదు. డబ్బు సమానమైనప్పుడు తేడా అంతా తెలివిలోనే ఉంటుంది. ఓటమికి పేదరికాన్ని సాకుగా చూపే అవకాశం లేనందువలననే ఇక్కడి చర్చ మరింత వాడిగా సాగుతున్నది.

సంచికి హద్దు ఉన్నచోట మమకారానికి కూడా ధర ఉంటుందని ఈ నగరానికి మొదటి సంవత్సరమే తెలిసివచ్చినది. 2008లో ఐదు నగరాల వారు తమ ఊరి మేటి ఆటగాణ్ణి ‘ఐకాన్’గా ప్రకటించుకొన్నారు. అట్టివానికి జట్టులో అత్యధిక ధర పలికిన వానికంటె నూటికి 15 వంతులు అధికంగా ఇవ్వాలి. హైదరాబాదుకు వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆ గౌరవానికి అర్హుడు. కాని తన మూలంగా జట్టు సంచి తరిగిపోరాదని ఆయన ఆ హోదాను వద్దనుకొన్నాడు. మిగిలిన డబ్బుతో డెక్కన్ చార్జర్స్ వారు ఆండ్రూ సైమండ్స్‌ను 13 లక్షల 50 వేల డాలర్లకు పాడుకొన్నారు. ఆ ఏడు జట్టు అట్టడుగున నిలిచినది. మరుసటి ఏడు, 2009లో, ఆడం గిల్‌క్రిస్ట్ నాయకత్వాన కప్పు గెలిచినది. లక్ష్మణ్ త్యాగం ఫలించినదా లేదా అన్నది ఇప్పటికీ తెగని తగవే.

ఐదుగురికి డెబ్భైఐదు కోట్లు

2024 అక్టోబరు నెలాఖరున సన్‌రైజర్స్ హైదరాబాదు జట్టు తాను ఉంచుకొన్న ఐదుగురి పేర్లు ప్రకటించినది. హైన్రిక్ క్లాసెన్‌కు 23 కోట్లు, నాయకుడు పాట్ కమిన్స్‌కు 18 కోట్లు, అభిషేక్ శర్మకు, ట్రావిస్ హెడ్‌కు తలకు 14 కోట్లు, విశాఖపట్టణపు యువకుడు నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు. మొత్తం 75 కోట్లు. తక్కిన జట్టునంతటినీ కట్టుకొనటానికి సంచిలో మిగిలినది 45 కోట్లు.

అభిమానులు వెంటనే రెండు పక్షాలుగా చీలిపోయారు. మొదటి పక్షం వారి వాదం ఇది: ‘2023లో మనది ఆఖరి స్థానం. 2024లో ఈ ఐదుగురే మనను ఫైనలుకు చేర్చినారు. మార్చి 27న ఉప్పల్‌లో ముంబయి మీద 277 పరుగులు, ఏప్రిల్ 15న బెంగుళూరులో 287 పరుగులు కొట్టి లోకాన్ని నివ్వెరపరచినారు. ఢిల్లీలో మొదటి ఆరు ఓవర్లలోనే వికెట్టు పడకుండా 125 పరుగులు తీసినారు. అట్టి వారిని విడిచి మరెవరిని పట్టుకొనేది? దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.’

రెండవ పక్షం వారు అదే సంవత్సరపు చివరి ఘట్టాన్ని గుర్తుచేస్తారు. మే 26న చెన్నైలో కలకత్తా జట్టుతో జరిగిన ఫైనలులో మన జట్టు 113 పరుగులకే కుప్పకూలినది. కొండంత రాగం తీసి చివరకు గొంతు పోగొట్టుకొన్నట్లు అయినది. ‘పైకప్పుకు బంగారు రేకు తొడిగి గోడలు మట్టితో పెట్టితే ఆ ఇల్లు నిలుస్తుందా?’ అని వీరి ప్రశ్న. ఐదుగురిలో నలుగురు ముఖ్యంగా బ్యాటు పట్టేవారే. బంతి వేసే వారిని కొనే డబ్బు ఏదీ అంటారు.

ఈ రెండు పక్షాల నడుమ మూడవ పక్షం ఒకటి ఉన్నది. బ్యాంకు పరీక్షలకై శాతాలు, నిష్పత్తులు సాధన చేసే దిల్‌సుఖ్‌నగరు విద్యార్థులది ఆ పక్షం. వారి లెక్క వినదగినది. ఇదే ఐదుగురు 2024లో జట్టుకు ఎంతకు వచ్చినారు? కమిన్స్ 20 కోట్ల 50 లక్షలు. హెడ్ 6 కోట్ల 80 లక్షలు. అభిషేక్ 6 కోట్ల 50 లక్షలు. క్లాసెన్ 5 కోట్ల 25 లక్షలు. నితీశ్ కేవలం 20 లక్షలు. మొత్తం 39 కోట్ల 25 లక్షలు. అనగా 100 కోట్ల సంచిలో నూటికి 39 వంతులు మాత్రమే. మరుసటి ఏడు అదే ఐదుగురు 120 కోట్ల సంచిలో నూటికి 62న్నర వంతులను ఆక్రమించారు. ఆటగాళ్ళు వారే, వారి బ్యాట్లు అవే, మారినది ధర.

ఈ చిన్న లెక్కలో పెద్ద సత్యం ఉన్నది. 2024 నాటి విజయానికి కారణం మేటి ఆటగాళ్ళు ఉండటం మాత్రమే కాదు. వారు చవుకగా దొరకటం. క్లాసెన్ అసలు విలువ లోకం కనిపెట్టక ముందే మన జట్టు కనిపెట్టినది. ఓక్లాండు రహస్యమూ అదే గదా! అయితే ఒకసారి వెలికివచ్చిన విలువ మళ్ళీ చవుకగా దొరకదు. మామిడి రుచి తెలియని నాడు గంప ఎత్తుకొన్నవాడు లాభపడినాడు. రుచి ఊరంతా తెలిసిన మరునాడు అదే గంపకు అదే ధర అడిగితే వర్తకుడు నవ్వుతాడు. కాబట్టి ‘వారినే ఉంచుకొంటే అదే ఫలితం వస్తుంది’ అన్న మొదటి పక్షపు ఆశలో ఒక లోపం ఉన్నది. ‘వారికి అంత పెట్టటం పొరపాటు’ అన్న రెండవ పక్షపు నిందలోనూ అంతే లోపం ఉన్నది. ఎందుకంటే వారిని విడిచి ఉంటే, వేలంలో అదే ధరకు మరొక జట్టు ఎగరేసుకొనిపోయేది.

మొదటి నాడు, రెండవ నాడు

2024 నవంబరు 24, 25 తేదీలలో సౌదీ అరేబియాలోని జెద్దా నగరాన మహావేలం జరిగినది. మన పల్లెలలో సర్కారువారి పాట అనే కనీసధర నుండి ఒక్కొక్క పేరు పైకి లేస్తున్నది. యజమానురాలు కావ్య మారన్ ముఖంలో మారే భావాలను దూరదర్శిని తెరల మీద చూస్తూ ఎల్.బి. నగరు యువకులు తమ మనసులోని పాటలు పాడుకొంటున్నారు.

మొదటి నాడు మన జట్టు చురుకుగా కొన్నది. మహమ్మద్ షమీకి 10 కోట్లు, హర్షల్ పటేల్‌కు 8 కోట్లు, ఇషాన్ కిషన్‌కు 11 కోట్ల 25 లక్షలు. ఆ వెనుక రాహుల్ చహర్, ఆడం జంపా, అభినవ్ మనోహర్, సిమర్‌జీత్ సింగ్, అథర్వ తైడే. పొద్దు క్రుంకేసరికి 45 కోట్లలో 39 కోట్ల 85 లక్షలు అయిపోయినవి. సంచిలో మిగిలినవి 5 కోట్ల 15 లక్షలు.

రెండవ నాడు భువనేశ్వర్ కుమార్ పేరు వచ్చినది.

2014 నుండి 2024 వరకు పదకొండు సంవత్సరాలు ఈ నగరపు చొక్కా తొడిగినవాడు భువనేశ్వర్. 2016లో డేవిడ్ వార్నర్ నాయకత్వాన జట్టు కప్పు గెలిచిననాడు ఐ.పి.ఎల్. మొత్తంలో అత్యధికంగా 23 వికెట్లు తీసినవాడు అతడే. మరుసటి ఏడు 26 వికెట్లతో మళ్ళీ అగ్రస్థానం అతనిదే. పుట్టినది ఉత్తరప్రదేశ్‌లో అయినా ఉప్పల్ మైదానంలో అతణ్ణి పరాయివాడన్న వారు లేరు. అతనిని బెంగుళూరు వారు 10 కోట్ల 75 లక్షలకు పాడుకొన్నారు. ఎడమచేతి బౌలరు నటరాజన్‌ను ఢిల్లీ వారు మొదటి నాడే సరిగా అదే ధరకు తీసుకొన్నారు. ఐదు కోట్ల 15 లక్షలున్న సంచి చూస్తూ ఊరకుండక తప్పలేదు.

‘షమీకి 10 కోట్లు పెట్టిన చేతికి భువనేశ్వర్‌కు మరొక 75 లక్షలు బరువైనవా?’ అన్నది ఆ చలికాలమంతా దిల్‌సుఖ్‌నగరులో మారుమోగిన ప్రశ్న. మరుసటి వేసవి ఆ ప్రశ్నకు పదును పెట్టినది. 2025లో షమీ తొమ్మిది ఆటలలో తీసినవి ఆరు వికెట్లు. ఏప్రిల్ 12న పంజాబు మీద నాలుగు ఓవర్లలో 75 పరుగులు ఇచ్చినాడు. భువనేశ్వర్ 17 వికెట్లు తీసి, జూన్ 3న అహమ్మదాబాదులో బెంగుళూరు జట్టు తన తొలి కప్పును ఎత్తినప్పుడు ఆ పందిరి క్రింద నిలిచినాడు.

అయితే న్యాయం చెప్పేవాడు ఫలితాన్ని చూసి తీర్పు చెప్పరాదు. నిర్ణయం చేసిన క్షణాన ఏమి తెలుసునో దానిని చూడాలి. జెద్దాలో షమీ పేరు మొదటి నాడే వచ్చినది. భువనేశ్వర్ పేరు రెండవ నాడు వచ్చినది. రేపు రాబోయే సరకు ధర నేడు తెలియదు. నేటి సరకు చేయి జారితే రేపటిది దక్కుతుందన్న భరోసా లేదు. షమీ 2023 ప్రపంచ కప్పు పోటీలలో అందరికంటె ఎక్కువగా 24 వికెట్లు తీసిన ఘనుడన్నది మరువరాదు. అతణ్ణి కొనటం ఆనాటికి అవివేకం కాదు. కాని మొదటి నాడే సంచి దాదాపు ఖాళీ చేసుకొనటం మాత్రం చర్చించదగిన విషయమే. ఏ పండ్ల వ్యాపారిని అడిగినా చెబుతాడు: చివరి బండి వచ్చేవరకు కొంత డబ్బు రొండిన ఉంచుకోవాలి.

2025 ఫలితాలు రెండు పక్షాలకూ ఆయుధాలు అందించినవి. మార్చి 23న ఉప్పల్‌లో రాజస్థాన్ మీద 286 పరుగులు; ఇషాన్ కిషన్ అజేయంగా 106. ఆ వెంటనే వరుసగా నాలుగు ఓటములు. ఏప్రిల్ 12న పంజాబు పెట్టిన 246 పరుగుల లక్ష్యాన్ని అభిషేక్ శర్మ 55 బంతులలో 141 కొట్టి మంచినీళ్ళ ప్రాయం చేసినాడు. చివరి ఆటలో క్లాసెన్ శతకంతో జట్టు 278 పరుగులకు చేరినది. మొత్తం మీద ఆరు విజయాలు, ఏడు ఓటములు, ఆరవ స్థానం. ముప్పై లక్షలకు వచ్చిన అనికేత్ వర్మ విశాఖపట్టణంలో ఢిల్లీ మీద 41 బంతులలో 74 కొట్టినప్పుడు మూడవ పక్షపు లెక్కల విద్యార్థులు గర్వంగా తల ఎత్తుకొన్నారు. విలువ అంటే అది!

ఆ చలికాలమే మళ్ళీ పాట మొదలైనది. 2025 నవంబరులో షమీని అదే 10 కోట్ల ధరకు లక్నో జట్టుకు ఇచ్చివేశారు. డిసెంబరు 16న అబూదాబీ వేలానికి 25 కోట్ల 50 లక్షలతో వెళ్ళి, అందులో సగానికి మించి, 13 కోట్లు, ఇంగ్లండు ఆటగాడు లియాం లివింగ్‌స్టన్ మీద పెట్టినారు. ‘మళ్ళీ బ్యాటు పట్టేవాడేనా?’ అని రెండవ పక్షం నెత్తి కొట్టుకొన్నది.

పెరటిచెట్టు

ఇంతవరకు డబ్బు సంగతి. కాని చర్చ ముదిరి, చాయ్ చల్లబడిన తరువాత వచ్చే ప్రశ్న వేరు. ‘ఇంతకూ ఇందులో మన పిల్లలు ఎందరు?’

2021 ఫిబ్రవరి వేలం తరువాత, అప్పుడు హైదరాబాదు క్రికెట్ సంఘానికి అధ్యక్షుడుగా ఉన్న మహమ్మద్ అజహరుద్దీన్ జట్టులో ఈ నగరపు ఆటగాడు ఒక్కడైనా లేడని బాహాటంగానే విచారం వెలిబుచ్చినాడు. మరుసటి ఏడు ఒక ఎలక్ట్రీషియన్ కుమారుడైన తిలక్ వర్మను ముంబయి వారు ఒక కోటి 70 లక్షలకు పాడుకొన్నారు. 2025 ఆటలకై ముంబయి అతణ్ణి 8 కోట్లకు ఉంచుకొన్నది. ఆటో నడిపి సంసారం ఈదిన తండ్రికి పుట్టిన మహమ్మద్ సిరాజ్ కథ ఇంకా చిత్రమైనది. 2017లో అతణ్ణి 2 కోట్ల 60 లక్షలకు మొదట కొన్నది మన జట్టే. ఏడాది తిరగగానే బెంగుళూరు వారు సరిగా అదే ధరకు తీసుకొనిపోయారు. అక్కడ ఏడేళ్ళు పెరిగి పేరు తెచ్చుకొన్నాడు. జెద్దా వేలంలో గుజరాత్ వారు 12 కోట్ల 25 లక్షలు ఇచ్చినారు.

2025 ఏప్రిల్ 6న సిరాజ్ గుజరాత్ చొక్కాతో ఉప్పల్‌కు వచ్చినాడు. తన ఊరి మైదానంలో, తన ఊరి పేరు పెట్టుకొన్న జట్టు మీద నాలుగు ఓవర్లలో 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు కూల్చినాడు. మన జట్టు 152 పరుగులకే ఆగిపోయినది. అంతకుముందు మూడు సంవత్సరాలు మన జట్టులోనే ఉన్న వాషింగ్టన్ సుందర్ 49 పరుగులు కొట్టి గుజరాత్ గెలుపును సుగమం చేసినాడు. ఆనాడు ఎల్.బి. నగరు నుండి నాగోలు మీదుగా ఉప్పల్ చేరిన అభిమాని ఎవరికి చప్పట్లు కొట్టాలి? పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న సామెత మనకు ఉన్నది. పొరుగింటి పుల్లకూర రుచి అన్నదీ ఉన్నది. ఆ సాయంకాలం ఆ రెండు సామెతలూ ఒకే మైదానంలో ఆడినవి.

అయితే చరిత్ర ఎరిగిన వారు ఈ ఆవేదనకు మరొక వైపును చూపుతారు. బయటివారిని డబ్బిచ్చి తెచ్చుకొనటం తెలుగు దేశాన నిన్న మొన్నటి మాట కాదు. విజయనగర మహారాజకుమారుడు 1930-31లో తన జట్టు కొరకు ఇంగ్లండు నుండి జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను రప్పించినాడు. మన వారు బయటికి పోవటమూ కొత్త కాదు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన కల్నల్ సి.కె. నాయుడు ఇందూరు హోల్కర్ మహారాజు కొలువులో ఉండి ఆ జట్టును రంజీ విజయాలకు నడిపినాడు. 1953-54లో మాత్రమే ఆంధ్ర జట్టు పక్షాన బరిలోకి దిగినాడు. నాడు మహారాజులు చేసినదే నేడు సంస్థలు చేస్తున్నవి. అప్పుడు పాట గుప్తంగా సాగేది. ఇప్పుడు తెర మీద సాగుతున్నది.

మరొక నిజాన్ని కూడా దాచుకొనరాదు. రంజీ కప్పును 1937-38లోను, 1986-87లోను గెలిచిన హైదరాబాదు 2022-23లో క్రింది అంతస్తుకు దిగజారినది. మరుసటి ఏడు తిలక్ వర్మ నాయకత్వాన ప్లేట్ విభాగంలో గెలిచి పైకి రాగలిగినది. క్రికెట్ సంఘపు తగవులు తెగక, 2023లో సుప్రీంకోర్టు ఒక విశ్రాంత న్యాయమూర్తికి ఆ బాధ్యతలు అప్పగించవలసి వచ్చినది. చెట్టుకు నీరు పోయని వారు, దాని కాయ సంతలో లేదని ఎవరి మీద కోపగించుకొంటారు? నితీశ్ కుమార్ రెడ్డి 20 లక్షల నుండి 6 కోట్లకు ఎదిగినాడంటే అతని కొరకు ఉద్యోగాన్నే వదులుకొన్న తండ్రి ఒకరు విశాఖపట్టణంలో ఉన్నారు. పెరటిచెట్టు మందుకు పనికివచ్చిన సందర్భాలలో ఎవరో ఒకరు దానికి నీరు పోసినారన్నమాట.

జట్టు ఎవరిది?

కొన్నవానిదే జట్టు అని చట్టం చెబుతుంది. చూసేవానిదే జట్టు అని మనసు చెబుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఎడమే అభిమానుల వాదానికి ఆయువుపట్టు.

చట్టం మాట ఎంత కఠినమైనదో ఈ నగరం ఒకసారి అనుభవించినది. 2009లో కప్పు తెచ్చిన డెక్కన్ చార్జర్స్ 2012 సెప్టెంబరులో రద్దయినది. మూడేళ్ళ క్రిందట వీధులలో ఊరేగిన జెండాలు ఒక్క కాగితంతో చెత్తకాగితాలైనవి. అక్టోబరులో సన్ టీ.వీ. సంస్థ ఏడాదికి 85 కోట్ల 5 లక్షల రూపాయల పాటతో హైదరాబాదు హక్కును కొన్నది, సన్‌రైజర్స్ పుట్టినది. మళ్ళీ 2025 మార్చి నెలాఖరున ఉచిత టిక్కెట్ల విషయమై జట్టుకూ క్రికెట్ సంఘానికీ వివాదం పొడసూపి, అవసరమైతే తమ ఆటలను మరొక ఊరికి తరలించుకొంటామని జట్టు వారు లేఖ వ్రాసినారు. రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించినది. ఆ నాలుగు రోజులు దిల్‌సుఖ్‌నగరులో ఎవరి ధర ఎంత అన్న చర్చ ఆగిపోయినది. జట్టే పోతే ధరలతో పని ఏమి?

ఈ భయం నిరాధారం కాదనటానికి ఓక్లాండే సాక్షి. తక్కువ జీతాలతో లోకాన్ని అబ్బురపరచిన ఆ జట్టు 2024 ఆటలు ముగియగానే అర్ధ శతాబ్దానికి పైగా తనను పెంచిన ఊరిని విడిచి వెళ్ళిపోయినది. అక్కడి అభిమానులు ఇరవై ఏళ్ళు ‘ఎవరిని కొనాలి, ఎంతకు కొనాలి’ అని వాదించుకొన్నారు. చివరకు వారికి మిగిలినది వాదం ఒక్కటే.

అందుచేత ఈ చలికాలపు చర్చలను తేలికగా చూడరాదు. క్లాసెన్‌కు 23 కోట్లు ఎక్కువా తక్కువా అని తలలు పగలగొట్టుకొనే యువకునికి ఆ డబ్బులో ఒక్క పైసా రాదు. ఒక్క పైసా పోదు. అతడు నల్లగొండ నుండో, సూర్యాపేట నుండో బస్సెక్కి ఎల్.బి. నగరు కూడలిలో దిగినవాడు. ఈ మహానగరంలో అతనికి ఇల్లు లేదు, పొలం లేదు, పలుకుబడి లేదు. ‘మన జట్టు’ అనే రెండు మాటలు మాత్రం ఉన్నవి. ఆ మాటలతోనే అతడు మొదటిసారి ఈ ఊరివాడవుతున్నాడు. సంచిని గూర్చి వాదించటం ఆ పౌరసత్వానికి అతడు చెల్లించే పన్ను.

ఆ పన్ను కట్టేవానికి అడిగే హక్కు కూడా ఉన్నది. అయితే ఏమి అడగాలి? ‘మరొక 13 కోట్ల వీరుణ్ణి తెండి’ అని అడిగితే యజమానులు సంతోషంగానే తెస్తారు. వేలం వారికి వేడుక. ‘సరూర్‌నగరులో సాయంకాలం పిల్లలు ఆడుకొనే నేల ఎంత మిగిలినది? జిల్లాల నుండి వచ్చే కుర్రవాణ్ణి చూసే కన్ను సంఘంలో ఎవరికి ఉన్నది? ఇరవై లక్షల నాడు గుర్తించవలసిన వాణ్ణి పన్నెండు కోట్ల నాడు పరాయి చొక్కాలో చూడవలసిన గతి మనకు ఎందుకు పట్టుచున్నది?’ అని అడిగితే జవాబు చెప్పటం కష్టం. చవుకలో విలువను కనిపెట్టటమే ఈ ఆటలో అసలు తెలివి అని లెక్కల విద్యార్థులు తేల్చినారు గదా. అందరికంటె చవుకగా, అందరికంటె ముందుగా కనబడగలిగిన విలువ మన వీధిలోనే ఉన్నది. దానిని చూడటానికి జెద్దాకో అబూదాబీకో పోనక్కరలేదు. కోట్ల సంచీ అక్కరలేదు. కావలసినవి ఒక మైదానం, ఒక గురువు, నిజాయితీగా ఎంపిక చేసే నలుగురు మనుషులు.

వేలంపాటలో హెచ్చుపాట పాడినవానికే సరకు దక్కుతుంది. కాని మామిడి తోటలో పండుతుంది, సంతలో కాదు. ఈ మాట గడ్డిఅన్నారపు పాత వర్తకులకు తెలుసును. మన క్రికెట్ పెద్దలకు తెలియవలసి ఉన్నది.